మాస్టర్ ప్లాన్ జీఐఎస్: లేయర్ల లెక్క కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: తెలంగాణలో లక్ష జనాభా ఉన్న ఒక పట్టణానికి మాస్టర్ ప్లాన్ కోసం జీఐఎస్ (వివరాల పట్టికలతో ముడిపడిన కంప్యూటర్ మ్యాపు) తయారుచేయాలి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, ఎన్ని లేయర్లు (ఒక్కో విషయానికి ఒక్కో పొర) పెట్టాలి, పాత గ్రామ నక్షాలను శాటిలైట్ బొమ్మ మీద ఎలా కూర్చోబెట్టాలి?

జవాబు:

సాఫ్ట్‌వేర్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఈ సైజు పట్టణానికి డేటాబేస్‌గా పోస్ట్‌జీఐఎస్, గీయడానికి క్యూజీఐఎస్ చాలు. రెండూ ఉచితమే. లేయర్లు లెక్కపెట్టే ముందు, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వచ్చే మనిషి ఏమడుగుతాడో కాగితం మీద రాసుకోండి. "ఫలానా సర్వే నంబరులో ఇల్లు కట్టుకోవచ్చా? రోడ్డు వెడల్పులో ఎంత పోతుంది? చెరువు బఫర్‌లో (చుట్టూ కట్టకుండా వదలాల్సిన చోటులో) ఉందా?" ఈ మూడింటికీ జవాబిచ్చేవి సర్వే నంబరు హద్దులు, ల్యాండ్ యూజ్ (ఏ స్థలం దేనికి వాడాలన్నది), రోడ్లు, చెరువులు-నాలాలు. ముందు వాటి పని పట్టండి. మిగతా ముప్పై లేయర్లూ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

ఏ కోఆర్డినేట్ సిస్టమ్‌లో పనిచేయాలో మొదటి రోజే తేల్చుకోండి. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉంటే యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా చేసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తరం, ఈపీఎస్‌జీ కోడ్ 32644. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ ఇందులోకే వస్తాయి. తాండూరు, జహీరాబాద్, నారాయణపేట అయితే జోన్ 43, కోడ్ 32643. ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది: లేయరును రీప్రొజెక్ట్ చేయడానికి (కోఆర్డినేట్లను కొత్త జోన్‌లోకి లెక్కగట్టి మార్చడానికి) బదులు కోడ్ మాత్రం మార్చేయడం. 43లో గీసిన తాండూరుకు 44 అని పేరు పెడితే ఊరు ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి విశాఖ అవతల సముద్రంలో తేలుతుంది. అది కంటికి కనిపించే తప్పు కాబట్టి పట్టుకోవచ్చు.

కనిపించని తప్పు వెబ్ మెర్కేటర్‌ది, అంటే భూమిని చదునుగా పరచడానికి గూగుల్ లాంటి వెబ్ మ్యాపులు వాడే ప్రొజెక్షన్‌ది (కోడ్ 3857). గూగుల్ బొమ్మ వెనకాల పెట్టుకుని గీస్తూ పోతే లేయరు తెలియకుండానే అందులో సేవ్ అయిపోతుంది. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఆ ప్రొజెక్షన్‌లో లెక్కించిన విస్తీర్ణం దాదాపు పది శాతం ఎక్కువ వస్తుంది. ఎకరం, అంటే 40 గుంటలు, 44 గుంటలుగా కనిపిస్తుంది. ఇది ఎక్కడ కొంప ముంచుతుందో చూడండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలి. అసలు 9.3 హెక్టార్లున్న కుంట 3857లో 10.2 హెక్టార్లుగా లెక్కకొస్తుంది. దాంతో బఫర్ 9 నుంచి 30కి దూకుతుంది, చుట్టుపక్కల ప్లాట్లన్నీ ఇరుక్కుంటాయి. క్యూజీఐఎస్‌లో డాలర్ గుర్తుతో వచ్చే ఏరియా, ప్రాజెక్టులో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) సరిగ్గా పెట్టి ఉంటే, దాని ప్రకారం లెక్కిస్తుంది. జ్యామెట్రీని ఇచ్చి అడిగే ఏరియా ఫంక్షన్ లేయరు ప్రొజెక్షన్‌లోనే లెక్కిస్తుంది. రెండింటి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే విషయం బయటపడుతుంది. అక్షాంశ రేఖాంశాల్లో, అంటే 4326లో ఉన్న లేయరుకు 30 అని బఫర్ కొడితే అది 30 డిగ్రీలు. దేశమంతా బఫర్‌లో పడుతుంది, నవ్వుకుని సరిచేసుకోవచ్చు. పది శాతం తప్పుకు మాత్రం ఎవరూ నవ్వరు.

బఫర్‌ను చేత్తో గీసి లేయరుగా దాచకండి. ఎఫ్‌టీఎల్ గీత, అది ప్రాథమిక నోటిఫికేషనా తుది నోటిఫికేషనా, తేదీ - ఇవి భద్రపరచి, బఫర్‌ను వ్యూగా (అడిగినప్పుడల్లా డేటాబేసే కొత్తగా లెక్కించే పట్టికగా) లెక్కింపజేయండి. ఎఫ్‌టీఎల్ మారినరోజు బఫర్ దానంతటదే మారుతుంది. రోడ్లకూ ఇదే పద్ధతి: మధ్య గీత ఒకటి, ఇప్పటి వెడల్పు, ప్రతిపాదిత వెడల్పు రెండు కాలమ్‌లు. రెండువైపులా సమానంగా తీస్తున్నారా, ఒకవైపేనా అన్నదానికి ఇంకో కాలమ్.

ఇక నక్షాలు. అసలు పని ఇక్కడే. ముందు నక్షా మీదున్న స్కేలు చూడండి. 16 అంగుళాలకు మైలు అంటే 1:3960, 8 అంగుళాలకు అయితే 1:7920. మొదటిదాంట్లో ఒక మిల్లీమీటరు నేలమీద దాదాపు 4 మీటర్లు. అందుకని అరమీటరు కచ్చితత్వం కావాలని పట్టుబట్టినా అది ఆ కాగితంలో లేదు. కంట్రోల్ పాయింట్లుగా (నక్షా మీదా, శాటిలైట్ బొమ్మ మీదా గుర్తుపట్టగల చోట్లుగా) మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట ఉండే రాళ్లు, పాత బావి, చెరువు కట్ట మలుపు పెట్టుకోండి. రోడ్డు మూలలు వద్దు, నక్షా వేశాక రోడ్డు వెడల్పయి ఉంటుంది. అంచుల దాకా పరుచుకునేలా 12 నుంచి 15 పాయింట్లు తీసుకుని, ఇంకో నాలుగైదు పక్కన ఉంచి వాటితో సరిచూడండి. మొదట పాలినామియల్ 1 (బొమ్మను వంచకుండా మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) వాడండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ పెడితే తేడా సున్నా అని చూపిస్తుంది. ప్రతి పాయింటు మీదుగా బొమ్మను లాగేస్తుంది కాబట్టి అలా వస్తుంది, నక్షా బాగా కూర్చున్నందుకు కాదు. పక్కన ఉంచిన పాయింట్లే నిజం చెబుతాయి.

గీశాక ప్రతి సర్వే నంబరు విస్తీర్ణాన్ని పహాణీలోని ఎకరాలు-గుంటలతో పోల్చండి (గుంట 121 చదరపు గజాలు, 101.17 చదరపు మీటర్లు). తేడా 5 శాతం దాటినవాటికి గుర్తు పెట్టి ఫీల్డుకు పంపండి. పక్కపక్క ఊళ్ల నక్షాలు ఒకదానిమీదొకటి ఎక్కినా, మధ్యలో ఖాళీ వచ్చినా స్నాప్ చేసి (అంచులు అతికించి) మూసేయకండి. మూశారంటే ఎవరిదో గెట్టు జరిపినట్టే. ఆ ముక్కను "హద్దు తేలలేదు" అని విడి పాలిగాన్‌గా (మూసిన ఆకారంగా) ఉంచండి.

సర్వే నంబరును ఒకే కాలమ్‌లో పెట్టొద్దు. గ్రామ కోడ్, నంబరు, బై నంబరు మూడూ వేరుగా, మూడూ టెక్స్ట్‌గా ఉండాలి. ఎక్సెల్‌లో 12/3 కొడితే తేదీ అయి కూర్చుంటుంది. 123/అ ఒకచోట, 123-అ ఇంకోచోట ఉంటే జాయిన్ (రెండు పట్టికలను కలపడం) కుదరదు. పైగా పహాణీలో ఉన్న అ, ఆ, ఇ ముక్కలు చాలాచోట్ల నక్షా మీద ఉండవు. ఊహించి గీయకుండా, ఒకే పాలిగాన్‌కు అనేక రికార్డులు తగిలించండి.

షేప్‌ఫైల్‌లో (మ్యాపు డేటా దాచే పాత ఫైలు రకంలో) తెలుగు పేర్లు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది, మూడు సంకేతాలకే నిండిపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడానికి జియోప్యాకేజ్ అనే ఫైలు రకం వాడండి.

చివరగా ల్యాండ్ యూజ్ లేయరు. మార్పు జీవో వచ్చినప్పుడు పాత పాలిగాన్ మీదే కొత్తది రాసేయకండి. ఎప్పటినుంచి, ఎప్పటిదాకా, ఏ జీవో అని మూడు కాలమ్‌లు పెట్టండి. 2019లో ఇచ్చిన పర్మిషన్ మీద కేసు పడితే, ఆ రోజు ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో లాయరు అడుగుతాడు, ఇవాళ్టిది కాదు.