సిలికా ఉండలు కట్టిందని రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సిలికా ఉండలు కట్టిందని, పళ్ళలో నింపే కాంపోజిట్ (రెసిన్ అనే గట్టిపడే జిగురులో సిలికా కలిపి చేసేది) పలక పెళుసుగా వచ్చిందని, సిలికా ఎంత పాళ్ళు వేయాలో చెప్పమని రాశావు. పాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. కలిపే ముందు ఆ కణాలను ఎండబెట్టావా? అది చెప్పు ముందు.

ఎందుకంటే నేనూ ఆ పనే చేశాను. 1968లో స్టోబర్ బృందం చూపిన పద్ధతిలో టియోస్ (సిలికాగా మారే సిలికాన్ ద్రవం), ఇథనాల్, నీళ్ళు, అమ్మోనియా కలిపి ముచ్చటైన గుండ్రటి కణాలు చేసుకున్నాను. రాత్రంతా ఓవెన్‌లో ఉంచి, కల్వంలో నూరి, రెసిన్‌లో వేశాను. పలక సుద్దముక్కలా పుటుక్కున విరిగింది. విరిగిన అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలన్నీ గుత్తులే, ప్రతి గుత్తి చుట్టూ సన్నటి పగులు. సిలికా పైతలం నిండా హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. తడి ఆరేకొద్దీ పక్కపక్క కణాలు వాటితో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేడికి ఆ పట్టు కాస్తా సిలికాన్-ఆక్సిజన్ బంధమైపోతే నీ చెయ్యి నొప్పి పుట్టడమే గాని అవి విడిపోవు.

అందుకని ఆరనివ్వకు. ఇథనాల్‌లో తేలుతుండగానే సైలేన్ (సిలికా పైతలానికి అతుక్కునే సిలికాన్ రసాయనం) పట్టించు, మోనోమర్‌లో, అంటే ఇంకా గట్టిపడని రెసిన్‌లో కలుపు, ఆ తర్వాత ఒత్తిడి తగ్గించి ఇథనాల్ లాగెయ్యి. నీకు కావలసింది మెథాక్రిలేట్ తోక ఉన్న సైలేన్. ఒక కొస సిలికాను పట్టుకుంటుంది, రెండోది రెసిన్ గట్టిపడేటప్పుడు దాని వలలో కలిసిపోతుంది.

కొన్న ఫ్యూమ్డ్ సిలికా (మంటలో తయారుచేసే మెత్తటి పొడి) వాడితే సైలేన్ లెక్క బరువును బట్టి కాదు, పైతలాన్ని బట్టి వెయ్యి. గ్రాముకు 200 చదరపు మీటర్లుండే రకం మామూలే. నానో కణాలు ఎక్కువైతే రెసిన్ కదలదు. పళ్ళ కాంపోజిట్లలో పెద్ద గాజు కణాల సందుల్లో నానో సిలికా వేసేది అందుకే.

రేపు సిలికోన్ రబ్బరు గొట్టాల పనిలోకి వెళ్తే సైలేన్ మారుతుంది, తంటా మాత్రం అదే. పైతలానికి ఏమీ పట్టించని సిలికా కలిపిన పచ్చి రబ్బరు అలమరలో ఉండగానే బిగుసుకుంటుంది. అక్కడ హెక్సామిథైల్‌డైసిలజేన్ వాడతారు. అది సరిగా పట్టిందో లేదో చూడాలంటే చిటికెడు పొడి నీళ్ళ మీద చల్లు. పట్టినది తేలుతుంది, పట్టనిది తడిసి మునుగుతుంది. యంత్రాల దగ్గర వంతు కోసం కాచుకుని కూర్చునే లోపు ఈ సంగతి తేలిపోతుంది.

మందు నింపే రంధ్రాల సిలికా చేస్తే కడగడంలో బద్ధకించకు. రంధ్రాలకు అచ్చుగా వాడే సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనం జీవకణాలకు విషం. అది లోపల మిగిలిపోయి జీవకణాలు చచ్చిపోతే జనం సిలికాను తిడతారు.

ఇంకొకటి. పలకను చేసిన రోజే విరిచి సంబరపడకు. 37 డిగ్రీల నీళ్ళలో వారాల తరబడి నానబెట్టి విరిచి చూడు. సైలేన్ పట్టును నీళ్ళు మెల్లగా తెంచుతాయి, నోట్లో ఎప్పుడూ తడే కదా.

ఊపిరితిత్తులను పాడుచేసే స్ఫటిక సిలికా వేరు, మనది స్ఫటికం కానిది. అయినా పొడి తూచేటప్పుడు మాస్కు పెట్టుకో, ఫ్యూమ్ హుడ్‌లోనే తూచు.

కొత్త పలక విరిచాక అంచు ఫొటో పంపు. పాళ్ళ సంగతి అది చూసి రాస్తాను.