మానసిక జబ్బు నుంచి తేరుకున్న తమ్ముడిని ఆసుపత్రి ఉద్యోగానికి పంపొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది చెన్నై పెరంబూరు. తమ్ముడికి బైపోలార్, అంటే ఒకసారి పట్టలేని హుషారు, ఒకసారి లోతైన దిగులు వచ్చే జబ్బు. మూడేళ్ళుగా దానికి లిథియం మందు వేసుకుంటూ బాగున్నాడు. ఇక్కడి ఒక ఆసుపత్రిలో పీర్ సపోర్ట్ వర్కర్‌గా రమ్మన్నారు, తనలాంటి పేషెంట్లతో మాట్లాడే పని. వాడికి పట్టలేని సంతోషం, అమ్మకి ఒకటే టెన్షన్. అందరి బాధలూ వింటే జబ్బు తిరగబెడుతుందేమో, పెళ్ళి కావాల్సినవాడు, నలుగురికీ తెలిసిపోతుందేమో అని. పంపమంటారా?

జవాబు: పంపండి. కాకపోతే కొన్ని విషయాలు ముందే అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయను. బైపోలార్ ఉన్నవాళ్ళకి నిద్ర చెడితే మేనియా, అంటే ఆ పట్టలేని హుషారు, తిరగబెట్టే ప్రమాదం ఉంది, అందుకని రాత్రి డ్యూటీలు కుదరవని మొదటే చెప్పాలి, లిథియం రక్తపరీక్షల రోజు సెలవు కావాలనీ చెప్పాలి. విన్న బాధలన్నీ ఇంటికి మోసుకురాకుండా వారానికోసారైనా సీనియర్ ఒకరు కూర్చోబెట్టుకుని మాట్లాడే ఏర్పాటు ఉందా అని అడగండి, లేదంటే నేనైతే వద్దనే అంటాను. వైద్యం చేసే డాక్టరే పైఅధికారి కూడా కాకూడదు.

చెన్నైలోనే ఒక ఓపీలో నా కళ్ళారా చూశాను. నాయుడుపేట నుంచి వచ్చిన కుర్రాడు, తమిళం రాదు, బెంచీ మీద కూర్చుని కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా తొణికిపోతోంది. పక్కనున్న పీర్ వర్కర్ "మందు వల్ల నాకూ ఇలాగే చేతులు వణికేవి, సగం కప్పే పోయించుకునేవాణ్ణి, డాక్టర్‌కి చెప్పావా?" అన్నాడు తెలుగులో. చెప్పలేదట, లేచి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆ మాట అనడానికి ఆ జబ్బు పడి లేచినవాడే కావాలి.

అది అర్హతే కాబట్టి దానికి జీతమే ఇవ్వాలి, "సేవ కదా, దారిఖర్చులు ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. ఆ అనుభవానికి చట్టమూ విలువిచ్చింది: 2017 మానసిక ఆరోగ్య చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో ఈ జబ్బులు అనుభవించినవాళ్ళ తరఫున ఇద్దరు సభ్యులుండాలని చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ మానసిక జబ్బు ఉంది. మానసిక జబ్బులున్నవాళ్ళ కోసం మీ ఊళ్ళోనే 1993లో మొదలైన బాన్యన్ సంస్థ అలా కోలుకున్నవాళ్ళని సిబ్బందిగా తీసుకుంటోంది.

తన కథ ఎంత చెప్పాలి, ఫోటో వేయనివ్వాలా వద్దా అన్నది వాడిష్టం, అదీ రాయించుకోండి. పెళ్ళి సంగతంటారా, దాచి చేయడం నాకు నచ్చదమ్మా, ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఆ పిల్లకి చెప్పాల్సిందే.

చేరేముందు వాడి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. మొదటి నెల సగం రోజు పని అడిగి చూడండి.