మూడో క్లాసులో పిల్లలకి ఏం చెప్తారు, రెండుకీ మూడుకీ అంత తేడా ఉంటదా?

మీ బాబు విజయనగరం దగ్గర గవర్నమెంట్ బడిలో ఈ జూన్‌కి మూడులోకి వెళ్తున్నాడు, ఏం చెప్తారు, కష్టమా, ట్యూషన్ పెట్టాలా అని అడిగారు కదండి. నేను టీచర్ని కాదు, ఆమదాలవలసలో కిరాణా కొట్టు నాది. పెద్దోడు 2022లో మూడు చదివాడు, మా గుంటకి, అంటే మా అమ్మాయికి, మొన్న ఏప్రిల్‌తో అయిపోయింది. రెండుసార్లు ఆ క్లాసు ఇంట్లో చూసిన అనుభవంతో రాస్తున్నా, మీకు పనికొచ్చింది తీసుకోండి.

సబ్జెక్టులు నాలుగే, తెలుగు ఇంగ్లీషు లెక్కలు ఈవీఎస్. ఈవీఎస్ అంటే పరిసరాల విజ్ఞానం, మా పిల్లలకి ఆ పుస్తకం విడిగా వచ్చింది మూడులోనే. లెక్కలు, ఈవీఎస్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు పక్క పేజీ తెలుగు ఉంటది కాబట్టి ఇంగ్లీషు మీడియం అని మీరు కంగారు పడక్కర్లేదు, తెలుగు పేజీ చూసి మనం చెప్పొచ్చు. ఇంకోటి, పెద్దోడప్పుడు 3, 4, 5 క్లాసుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్ళలో కలిపేశారు, పాపం ఎనిమిదేళ్ళోడు పదో క్లాసు వాళ్ళ మధ్య నించొని నీళ్ళు పట్టుకునేవాడు. 2025లో మళ్ళీ ఆ పద్ధతి మార్చారు. అందుకని మీ ఊళ్ళో మూడు ఇప్పుడు ఎక్కడ నడుస్తుందో ముందు కనుక్కోండి.

లెక్కల్లో ఏముంటదంటే నాలుగు అంకెల సంఖ్యలు, కూడికలు తీసివేతలు, ఎక్కాలు, గుణకారం, భాగహారం మొదలు, గడియారం, క్యాలెండర్, మీటర్లు కేజీలు లీటర్లు, సగం పావు. చూస్తే పెద్ద లిస్టే కానీ నిజంగా ఏడిపించేది తీసివేత. అప్పు తెచ్చుకునే తీసివేత, అందులోనూ మధ్యలో సున్నా ఉంటే. మా గుంట ఒకరోజు 402 లోంచి 156 తియ్యమంటే 354 అని రాసింది. నాకు ముందు అర్థం కాలేదు ఎక్కణ్ణుంచి వచ్చిందో. తర్వాత చూస్తే రెండులోంచి ఆరు పోదు కాబట్టి ఆరులోంచే రెండు తీసేసింది, సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి అయిదు అలాగే దించేసింది. దాని లెక్కన చిన్నది పెద్దదాంట్లోంచి తియ్యాలి, పైన ఉంటే ఏటి కింద ఉంటే ఏటి అన్నట్టు. నేను పక్కనుంచి అప్పు తెచ్చుకోమంటే పక్కన సున్నా ఉంది నాన్నా, దాని దగ్గర ఏమీ లేదు కదా, ఎవరిస్తారు అప్పు అంది. మాట కరెక్టే మరి!

మా అమ్మ అక్కడే కూర్చొని చింతపండు గింజలు తీస్తంది, ఏటే గుంటా, కొట్టు మీద కూకుంటావు, చిల్లర ఇవ్వడం రాదేటి నీకు అంది. అప్పుడు తట్టింది నాకు. గల్లాపెట్టె తీసి నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు ముందు పెట్టి, ఇది 402, ఇందులోంచి 156 సరుకుల వాడికి కట్టు అన్నాను. ఇలా ఇవ్వడం కుదరదు కదా, చిల్లర కావాలంది. ఒక వంద తీసుకొని పది పదులు ఇచ్చాను. ఇంకా ఆరు రూపాయలకి లేదు, అందులో ఒక పది తీసుకొని పది రూపాయి బిళ్ళలు ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గర ఎంత ఉందంటే మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్ళలు. ఒక వంద అయిదు పదులు ఆరు బిళ్ళలు తీసి నా చేతిలో పెట్టింది, మిగిలింది 246. అప్పుడు నోట్సులో సున్నా మీద తొమ్మిది ఎందుకు రాస్తారో దానికి తెలిసింది, నిజం చెప్పాలంటే నాకు కూడా ఆరోజే తెలిసింది, మా రోజుల్లో సున్నా కొట్టేసి తొమ్మిది వెయ్యి అంటే వేసేవాళ్ళం అంతే. మీకు కొట్టు లేకపోయినా పర్లేదు, కాగితం ముక్కల మీద వంద, పది, ఒకటి అని రాసుకొని ఆడించండి.

ఎక్కాల సంగతి. బళ్ళో టూ వన్స్ ఆర్ టూ అని పాటలా పాడిస్తారు, పది దాకా గడగడా వచ్చేస్తాయి. కానీ మధ్యలోంచి సెవెన్ ఎయిట్స్ ఎంత అని అడగండి, సెవెన్ వన్స్ ఆర్ సెవెన్ నుంచి ఎత్తుకుంటారు, వేళ్ళు మడుచుకుంటా వస్తారు. మా అమ్మకి బడి మొహం తెలీదు, ఏడెనిమిదులు యాభై ఆరు అని కళ్ళు మూసుకొని చెప్తాది, వీళ్ళ రేసు చూడాలి. సగం, పావు, ముప్పావు మాత్రం మా గుంటకి వారంలో వచ్చేశాయి, పావుకేజీ పంచదార కట్టిన చెయ్యి కదా. దానికి తెలీనిదల్లా బళ్ళో చెప్పే వన్ ఫోర్త్, కొట్టులో పావు ఒకటేనని. ఆ ఒక్క ముక్క చెప్పాల్సి వచ్చింది. మా అమ్మ ఊరుకోకుండా రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మొదలెట్టింది, పరీక్షలో అది రాయకే తల్లీ అని దండం పెట్టాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. రెండు దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, మూడు నుంచి చదివి నేర్చుకోవాలి. ఇది ఎవరూ మనకి చెప్పరు. మా పెద్దోడికి మూడులో లెక్కల మార్కులు పడిపోతే లెక్కలు రావట్లేదని నెలకి అయిదొందలు పెట్టి ట్యూషన్‌కి పంపాం, రెండు నెలలు. నోట్సు అందంగా నిండింది, బోర్డు మీద చేసినవి దించడమే కదా. మార్కులు అక్కడే ఉన్నాయి. ఒకరోజు నేనే కూర్చొని లెక్క చదవరా అన్నాను. రవి దగ్గర 35 గోళీలు ఉన్నాయి, 60 కావాలంటే ఇంకా ఎన్ని కావాలి అని ఉంది. వాడు 95 రాశాడు. ఎందుకురా అంటే ఇంకా అని ఉంది కదా నాన్నా, కలపాలి అన్నాడు. వాక్యం మొత్తం చదవట్లేదు, అంకెలు రెండు చూస్తున్నాడు, మధ్యలో ఒక మాట పట్టుకుంటున్నాడు, కలపాలా తియ్యాలా అని నా మొహం చూస్తున్నాడు. పోనీ కథలా నోటితో చెప్తే పాతిక అని టక్కున చెప్పాడు. అంటే లెక్క వచ్చు, చదివింది బుర్రలోకి వెళ్ళట్లేదు. ట్యూషన్ డబ్బులు అలా పోయాయి, వాళ్ళని ఏమీ అనను, నేనే తప్పు రోగానికి మందేయించాను.

అందుకే గుంట మూడులోకి వచ్చేసరికి తెలుగు చదివించడం మీదే పడ్డాను. గుణింతాలు రెండులోనే అయిపోతాయి, ఒత్తులు కూడా చెప్పేస్తారు. అమ్మ, అక్క లాంటివి అంటే ద్విత్వాక్షరాలు ఈజీ, అదే అక్షరానికి అదే ఒత్తు. పద్మ, భక్తి లాంటి సంయుక్తాక్షరాల దగ్గర నెమ్మదిస్తారు. మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఇంక బండి ఆగిపోతాది. వస్త్రం అన్నది మా గుంటకి మూడు నెలలు వసతరం. శ్రీకాకుళం బస్సులో వెళ్ళేటప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ దాకా షాపుల బోర్డులన్నీ చదవమనేవాణ్ణి, బస్సు కదిలిపోతుంటే బేగి చదవాలి కదా, పోటీ లాగ. ఒకరోజు వస్త్రాలయం అని గట్టిగా అరిచింది, ముందు సీట్లో ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

సెంట్రల్ గవర్నమెంటు నిపుణ్ భారత్ అని 2021లో పెట్టిన ప్రోగ్రాం ఉంది, దాని ప్రకారం మూడు అయ్యేసరికి నిమిషానికి 60 పదాలు అర్థం తెలిసి చదవాలి, 9999 దాకా సంఖ్యలు చదివి రాయాలి, చిన్న గుణకారం లెక్కలు చెయ్యాలి. మీరు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చోకండి మాత్రం. తెలుగు పదాలు ఇంగ్లీషు వాటిలాగ చిన్నవి కావు, వెళ్తున్నారనుకున్నాడు అన్నది కూడా ఒక పదమే. స్పీడు కన్నా ఒక పేరా చదివాక పుస్తకం మూసి ఏం చదివావో నీ మాటల్లో చెప్పు అనండి. చెప్తే చదివినట్టు, లేకపోతే నోరు ఆడినట్టు.

నీ మాటల్లో అన్నాను కదా, అక్కడ ఇంకో తంటా. మా గుంట నా గురించి అని అయిదు వాక్యాలు రాయమంటే నాను బడికి ఎల్తన్నాను అని రాసింది, ఎర్ర పెన్నుతో రెండు మాటలూ కొట్టేశారు. అది కూడా ఆగస్టు 29 వారంలో! గిడుగు రామ్మూర్తి గారి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తారే, ఆ వారంలో. ఆయన మా శ్రీకాకుళం జిల్లా ఆయనే, పర్వతాలపేటలో పుట్టారు, జనం మాట్లాడే భాషలో రాయాలని పోరాడిన మనిషి. టీచర్ గారిది తప్పని నేననను, రాసేటప్పుడు నేను వెళ్తున్నాను అని నేర్పాల్సిందే. కానీ ఇంట్లో మాట్లాడింది తప్పు అని గుంట బుర్రలో పడిపోతే ఇంక నోరు తెరవదు, అందుకని ఇంట్లో నాను, పుస్తకంలో నేను, రెండూ నీవే అని చెప్పాను.

ఈవీఎస్ గురించి ఎక్కువ చెప్పను, కుటుంబం, మొక్కలు, జంతువులు, తిండి, నీళ్ళు, ఇళ్ళు, ప్రయాణం ఇవే. ప్రశ్నా జవాబూ బట్టీ పట్టిస్తే మాత్రం ఆ పుస్తకం అంత దండగ ఇంకోటి లేదు. పెద్దవాళ్ళని అడిగి రాయండి అని చాలా చోట్ల ఉంటది, అవి వదలొద్దు. మీ ఇంటి దగ్గర చెట్ల గురించి రాయమంటే గుంట ఉద్దానంలో ఉన్న వాళ్ళ తాతకి ఫోన్ చేసింది. ఆయన 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి జీడి తోట, కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో ఎలా పడిపోయాయో అరగంట చెప్పారు. అది రాసింది నాలుగు లైన్లే, కానీ మా ఆవిడ ఆ పేజీ చింపి బీరువాలో దాచుకుంది, టీచర్ గారికి వేరే కాపీ రాయించి పంపాం.

ట్యూషన్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. దానికి బదులు బడి తెరిచేలోపు రెండో క్లాసు తెలుగు పుస్తకం తీసి, మీ బాబు చేత ఏదో ఒక పాఠం చదివించండి. కంఠతా వచ్చిన మొదటి పాఠాలు వద్దు, చివరివి. ఎక్కడ ఆగుతున్నాడో ఆ పదాలు మీరు పక్కన కాగితం మీద రాసుకోండి, వాడికి చూపించకుండా. మా గుంటకి అలా రాస్తే పదకొండు పదాలు తేలాయి, అందులో తొమ్మిదింటికి కింద ఉన్నది ర ఒత్తే.