జ్వరం దూడల మీద పరిశోధన చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది హిందూపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. అమ్మాయి హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో బీవీఎస్సీ నాలుగో ఏడు. కుక్కల క్లినిక్ పెట్టుకోమంటే వినదు. ఫీడ్‌లాట్ పశువుల జ్వరానికి ఏ యాంటీబయాటిక్ బాగా పనిచేస్తుందో పరీక్షిస్తానంటోంది. మన దగ్గర ఫీడ్‌లాట్లే లేవు కదా, ఇది అన్నం పెడుతుందా?

జవాబు: పెడుతుంది సార్. కాకపోతే క్లినిక్ కన్నా ఆలస్యంగా పెడుతుంది.

అమెరికా, కెనడాల్లో మాంసానికి పెంచే దూడలను ఎక్కడెక్కడినుంచో లారీల్లో తెచ్చి, పెద్ద దొడ్లలో పెట్టి మేపుతారు. వాటినే ఫీడ్‌లాట్లు అంటారు. ప్రయాణం బడలిక, కొత్త మేత, పరాయి మంద. వచ్చిన కొద్ది వారాల్లోనే చాలావాటికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. మేతకు రాకుండా తల వేలాడేసిన దూడను పక్కకు తెచ్చి చూస్తే జ్వరం 104 దాటి ఉంటుంది. మామూలుగా 101.5 అటూ ఇటూ ఉండాలి. ఏ క్రిమి వల్లో అప్పటికప్పుడు తేలదు, మందు మాత్రం వెంటనే పడాలి.

ఏ మందు? అది తేల్చడానికే మీ అమ్మాయి చెప్పే పరీక్ష. చీటీలు తీసినట్టు కొన్నిటికి ఫ్లోర్‌ఫెనికాల్, కొన్నిటికి తులాత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఏ దూడకు ఏది పడిందో రోజూ చూసి రాసేవాళ్లకు తెలియనివ్వరు. ఎన్నిటికి జబ్బు తిరగబెట్టింది, ఎన్ని చనిపోయాయి, ఎంత బరువు పెరిగాయి, అన్నీ లెక్కగడతారు. కొన్ని దూడలు వాటంతటవే కోలుకుంటాయి. పోల్చి చూడకపోతే ఆ పేరు కూడా మందుకే పోతుంది.

ఒకసారి యలహంక వైపు ఓ డెయిరీ ఫారంలో విద్యార్థుల పక్కన నిలబడి చూశాను. ఒకబ్బాయి ఆవు జ్వరం చూసి 100 అని రాసుకున్నాడు. వాళ్ల మేడమ్ థర్మామీటర్‌ను కాస్త వాల్చి, లోపలి గోడకు ఆనేలా మళ్లీ పెట్టించారు. 103! మొదటిసారి అది పేడలో దిగింది. ఇలాంటి చోట ఓపిక ఉన్నవాళ్లకే ఈ రంగం. మీ అమ్మాయికి ఉందో లేదో మీకే బాగా తెలుసు.

ఇక మన దేశం సంగతి. ఫీడ్‌లాట్లు లేకపోయినా జ్వరాలకు కొదవ లేదు. మన గేదెలకు గొంతువాపు తెచ్చే పాశ్చురెల్లా జాతి క్రిమి అక్కడి దూడల ఊపిరితిత్తుల్లోనూ దొరుకుతుంది. మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయనే 2019లో మన ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువుల్లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. ఏ మందు అవసరమో, ఏది దండగో లెక్కతో చెప్పగల పశువైద్యులు మనకు చాలా కావాలి. పశువుల జబ్బుల లెక్కల మీదే పనిచేసే కేంద్ర సంస్థ నివేది మీ యలహంకలోనే ఉంది.

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఎపిడెమియాలజీలోనో (జబ్బుల వ్యాప్తి లెక్కల చదువు) ఫార్మకాలజీలోనో (మందుల చదువు) రెండేళ్ల ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ చేయించండి. స్టాటిస్టిక్స్ మాత్రం ఇప్పటినుంచే నేర్చుకోవాలి, మనవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. తర్వాత పశువుల మందుల కంపెనీల్లో ట్రయల్స్, అంటే మందులను పరీక్షించే విభాగాలున్నాయి. ఫీడ్‌లాట్లే కావాలంటే కెనడాలోని కాల్గరీ, సస్కటూన్ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. స్టైపెండ్ వస్తేనే పంపండి, అప్పు చేసి వద్దు. ఇవేవీ కుదరకపోయినా బీవీఎస్సీ ఉంది కాబట్టి ప్రభుత్వ పశువైద్యుల ఉద్యోగాలకు రాయవచ్చు. ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఈ సెలవుల్లో క్లినిక్ మాట ఎత్తకండి. కాలేజీలో ప్రొఫెసర్‌ను అడిగి, ఒక నెల ఏదైనా ఫారం ట్రయల్లో బరువులు, జ్వరాలు రాసే పనికి వెళ్లమనండి. తిరిగొచ్చాక కూడా ఇదే మాట అంటే, ఎంవీఎస్సీ ఫీజుకు డబ్బు సిద్ధం చేసుకోండి.