దేన్ని కోసిందో రాయండి

మిత్రమా,

మీ వ్యాసం అందింది. ఒకసారి చదివి పక్కన పెట్టాను. కోపం చల్లారక మళ్లీ తీశాను. రెండో పేజీలో మీరు ఇలా రాశారు: "ఎంటమీబా హిస్టోలిటికా తన మారణాయుధాలైన ఎంజైములతో పేగుపై దండెత్తి విధ్వంసం సృష్టిస్తుంది." అమీబిక్ విరేచనాలు తెచ్చే ఏకకణ పరాన్నజీవి గురించిన ఈ వాక్యంలో దండయాత్ర ఉంది, ఆయుధాలున్నాయి, విధ్వంసం ఉంది. ఎంజైము చేసే పని ఒక్కటే కనిపించలేదు.

ప్రోటీన్లను జీర్ణం చేసే ఎంజైముకు, అంటే ప్రోటియేజ్‌కు, తెలిసిన విద్య ఒక్కటే. ప్రోటీన్ గొలుసులో రెండు అమైనో ఆమ్లాల మధ్య ఉన్న బంధాన్ని నీటి అణువు సాయంతో తెంచుతుంది. అందుకే దాని గురించి రాసేవారు వాక్యం వాక్యానికీ ఆగి చూసుకోవాలి: దేన్ని కోసింది, ఎక్కడ కోసింది, కోశాక ఏమైంది? ఇది తేలకుండా కలం కదపకూడదన్నది నా మొండి పట్టు. ఈ పట్టు వల్ల నాతో మాట్లాడటం మానేసినవాళ్లు కూడా ఉన్నారు.

జిగురుపొర సంగతే తీసుకోండి. "పొరను ఛేదిస్తుంది" అని రెండు మాటల్లో దాటేశారు. కథంతా అక్కడే ఉంది. పెద్దపేగు లోపలి గోడను కప్పి ఉంచే ఆ జిగురులో ముఖ్యమైన ప్రోటీన్ మ్యూసిన్-2. దాని నడిమి భాగమంతా చక్కెర గొలుసులు దట్టంగా కమ్మేసి ఉంటాయి కాబట్టి అక్కడ ప్రోటియేజ్‌కు పట్టు దొరకదు. కొసల దగ్గర చక్కెరలు పలచన. ఒక మ్యూసిన్ అణువు మరొకదానితో గంధకపు బంధాలతో ముడిపడి వలలా నిలబడేది ఆ కొసల వల్లనే. అమీబా విడిచే సిస్టీన్ ప్రోటియేజ్ (కోసే చోట సిస్టీన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఉండే రకం) సరిగ్గా అలాంటి ఒక కొసను కోస్తుంది. చక్కెరలు కప్పిన నడుము చెక్కుచెదరకపోయినా ముడి పోయాక వల నిలవదు. జిగురు పలచబడుతుంది, దాని వెనక దాగిన కణాలు అమీబాకు అందుతాయి. ఇంతటి సంగతిని చేతిలో ఉంచుకుని "విధ్వంసం" అని రాయడానికి మీకు మనసెలా ఒప్పింది?

మూడో పేజీలో "మన రోగనిరోధక శక్తిని నిర్వీర్యం చేస్తుంది" అన్నారు. సగం నిజం. పేగులో కాపలా కాసే ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ యాంటీబాడీలను ఈ ఎంజైములు ముక్కలు చేస్తాయి, సరే. రెండో సగం చూడండి. వాపును రేపే సంకేత ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను మన కణాలు ముందు పనిచేయని రూపంలో తయారుచేసి ఉంచుకుంటాయి. అదనపు భాగం తెగిపోతేనే అది పనిలోకి దిగుతుంది. మామూలుగా ఆ కోత పెట్టేది మన సొంత ఎంజైము. అమీబా ఎంజైము కూడా పెట్టగలదు! అప్పుడు వాపు రేగుతుంది, తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చిపడతాయి, ఆ గొడవలో పేగు గోడే మరింత దెబ్బతింటుంది. అలాంటిదే మరో సంకేత ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-18 పూర్వరూపాన్ని కోసినప్పుడు మాత్రం అది ఎందుకూ పనికిరాకుండా పోతుంది. శత్రువు, సైన్యం అంటూ మొదలుపెట్టిన కథలో ఈ రెండు కోతలను ఎక్కడ ఇరికిస్తారు?

ఇక "కాలేయాన్ని కబళించాలనే పథకం" అట. ఎవరి పథకం? ఈ జీవి ఒకరి నుంచి మరొకరికి చేరేది సిస్టుల రూపంలో, అంటే గట్టి పొర కప్పుకున్న నిద్రాణ రూపంలో. సిస్టులు తయారయ్యేది పేగు లోపలి ఖాళీలోనే. కణజాలంలోకి చొరబడిన అమీబా సిస్టుగా మారదు. కాలేయంలో చీముగడ్డకు కారణమైన అమీబాకు అక్కడి నుంచి మరో మనిషిని చేరే దారే లేదు. సోకినవారిలో చాలామందికి ఏ బాధా ఉండదని మొదటి పేజీలో మీరే రాసి, మూడో పేజీకల్లా మరిచిపోయారు.

ఈ యుద్ధభాష మీకు ఎవరు అంటించారో నాకు తెలుసు. సంపాదకులు. నేను రాత్రుళ్లు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దుకుంటూ, పగలు వైద్య గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ఈ అమీబా మీద కష్టపడి ఒక పెద్ద వ్యాసం రాసి ఇంకో పత్రికకు ఇచ్చాను. "కడుపులో హంతకుడు" అని శీర్షిక పెట్టి, పక్కన మెలికలు తిరిగిన ఏలికపాము బొమ్మ వేశారు. పది నుంచి అరవై మైక్రోమీటర్లు ఉండే ఏకకణ జీవికి మెలికలెక్కడివి? వెళ్లి అడిగితే "పురుగు పురుగే కదండీ" అన్నారు ఆ సంపాదకుడు. పారితోషికం ఊసే ఎత్తలేదు. ఇప్పటి సంపాదకులు ఇంకో అడుగు ముందుకు వేశారు: పాఠకుడికి ఓపిక లేదట! ఆ ఓపిక లేనిది ఎవరికో నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఒక ల్యాబు టెక్నీషియన్ దయతలచి నాకు బతికున్న అమీబాను చూపించారు. నమూనా చల్లారితే కదలిక ఆగిపోతుందని స్లైడును వెచ్చగా ఉంచి, నన్ను తొందరపెట్టారు. ముందు గాజులా తేటగా ఒక పాదం పొడుచుకొచ్చింది, వెనకే రేణువుల జీవపదార్థం అందులోకి ప్రవహించింది. లోపల మింగిన ఎర్ర రక్తకణాలు గుండ్రంగా కనిపించాయి. మీ వ్యాసంలో కూడా ఆ దృశ్యం ఒక వాక్యంలో ఉంది. బాగుంది, దాన్ని ముట్టుకోకండి.

చరిత్రకు మూడు పేజీలెందుకు? 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ ఈ జీవిని వర్ణించారు, 1903లో ఫ్రిట్జ్ షౌడిన్ ఇప్పటి పేరు పెట్టారు. అంతే చాలు. మిగిలిన చోటు ఎంటమీబా డిస్పార్‌కు ఇవ్వండి, దాని ఊసే మీరు ఎత్తలేదు. ఇది వేరే జాతి అని 1925లో ఎమిల్ బ్రంప్ట్ చెబితే చాలామంది పెడచెవిన పెట్టారు. 1993లో డైమండ్, క్లార్క్ దాన్ని మళ్లీ విడదీసి నిలబెట్టారు. సిస్టులను మైక్రోస్కోపులో పక్కపక్కన పెట్టినా తేడా పట్టలేం. డిస్పార్ మాత్రం పేగును తొలవదు. హిస్టోలిటికా ఉపరితలం మీద ఉండే సిస్టీన్ ప్రోటియేజ్-5కు పనిచేసే జన్యువు డిస్పార్‌లో లేదు. అలాగని ఇదొక్కటే కారణమని తేల్చేయకండి. కణానికి అంటుకునే లెక్టిన్, పొరకు రంధ్రాలు పెట్టే అమీబాపోర్లు కూడా లెక్కలో ఉన్నాయి.

కలం పేరు గురించి, పుస్తకం వేయించడం గురించి అడిగారు. ఇప్పుడు ఆ తొందర వద్దు.

ముగింపులో "త్వరలోనే మందు" అని ఆశ పెట్టారు. ఈ-64 అనే నిరోధకం సిస్టీన్ ప్రోటియేజ్ కోసే చోట ఉన్న గంధకానికి అతుక్కుపోయి, ఇక వదలదు. ఎలుకల్లో కాలేయపు గడ్డలను తగ్గించింది కూడా. కానీ మన కణాల్లోని కెథెప్సిన్-బి, కెథెప్సిన్-ఎల్ కూడా ఈ కుటుంబానివే. వాటిని వదిలేసి అమీబా ఎంజైమునే పట్టుకునే మందు కావాలి. చిక్కంతా అక్కడుంది, దాన్ని రాయండి. ఇప్పుడు వైద్యులు ఇచ్చే మెట్రోనిడజోల్ పనిచేసే తీరు వేరని కూడా ఒక మాట చేర్చండి. ఈ పేరా, మ్యూసిన్ పేరా ముందు తిరగరాసి పంపండి. మిగతా వ్యాసం జోలికి అప్పుడు వెళదాం.