తీరాన్నీ తీరవాసులనూ ఒకే పుస్తకంలో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

తీరం పర్యవేక్షణ నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. కానీ మడ అడవులనూ పగడపు దిబ్బలనూ ఒక బృందం చూస్తుందనీ, ఇంటింటి బాగోగులు ఇంకో బృందం అడుగుతుందనీ రాశావు. అది నాకు నచ్చలేదు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు నెలల్లో తీసిన లెక్కలు తర్వాత ఎంత పొందించినా అతకవు. రెండూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో కొలవండి.

రేవులో దిగిన చేపల బరువు ఒక్కటే రాస్తే మోసపోతావు. పడవలు ఇంకా దూరం పోయి, ఎక్కువసేపు వల వేసి, ఎక్కువ డీజిల్ కాల్చి అదే బరువు తెస్తుండవచ్చు. అందుకే గంట వేటకు ఎంత పడిందో రాయి. చేపల పొడవు కూడా కొలువు. దాని పక్కనే ఆ ఇంటి డీజిల్ ఖర్చు, అప్పు, వలస వెళ్లినవాళ్ల సంగతి ఉండాలి. ఆదాయాన్ని మాత్రం ఒంటరిగా నమ్మకు. బయటి ఊరి నుంచి కొడుకు పంపే డబ్బుతో ఇల్లు నిలబడితే, సముద్రం బాగుందని పొరబడతాం.

పడవ వాళ్లను అడిగి వచ్చేయకు. ఆటు వేళ నత్తలూ ఆల్చిప్పలూ ఏరేది, చేపలు ఎండబెట్టేది, అమ్మేది చాలాచోట్ల ఆడవాళ్లే. ఒడ్డు దగ్గరి మార్పు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బాగా బతకడమంటే ఏమిటో కూడా వాళ్లనే చెప్పనివ్వు, ప్రశ్నలు ఆ తర్వాత రాసుకో. ఇళ్ల సామాజిక, ఆర్థిక పరిస్థితిని గమనించే సాక్‌మాన్ (SocMon) అనే పద్ధతి తీరప్రాంత సమాజాల కోసమే తయారైంది, పనికొచ్చేవి అందులోంచి తీసుకో.

ఇక ఓపిక. వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడాలు తెల్లబడతాయి, తేరుకోకపోతే చచ్చిపోతాయి. 1998లో ప్రపంచంలో చాలాచోట్ల అదే జరిగింది. చచ్చిన పగడం కూడా కూలేదాకా చేపలకు గూడే. కాబట్టి ఆ దెబ్బ వేటలో కనపడటానికి ఏళ్లు పట్టవచ్చు. అప్పు అలా కాదు, నెలలోనే పెరుగుతుంది. ఒక్క ఏడాది లెక్క చూసి రెండింటికీ సంబంధం లేదని తేల్చేయకు.

నీటి తేటకు సెక్కీ పళ్లెం చాలు, నీళ్లలోకి దించి ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూడటమే, 1865 నుంచీ వాడుతున్నదే.

వేట తావులు వాళ్ల గుట్టు. అడగకుండా మ్యాపులో పెట్టకు. లెక్కలు ఏటా ఊరి ముందు చదివి వినిపించు. వాళ్లు కాదన్నచోట మళ్లీ కొలువు. మొదటి విడత ఫారాలు నింపాక నాకో నకలు పంపు, చూస్తాను.