బెడ్లకు ఆకుపచ్చ బూజు పడితే ముందు గడ్డి తడి చూడండి

ముత్యపు చిప్ప పుట్టగొడుగుల కోసం కట్టిన రెండు బెడ్లూ (గడ్డి నింపిన కవర్లు) పది రోజులకే ఆకుపచ్చగా మారాయని, స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) మంచిది కాదేమోనని మీరు అడిగారు. నాకూ మొదటిసారి మూడు బెడ్లు ఇలాగే పోయాయి. నేనూ స్పాన్‌నే అనుమానించాను. తప్పంతా గడ్డిలో మిగిలిపోయిన నీళ్లదని తర్వాత తెలిసింది.

వరిగడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, మర్నాడు 80 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచాను. అంతవరకు బాగానే చేశాను. ఆ తర్వాతే ఆత్రపడి, నీళ్లు కారుతుండగానే కవర్లలోకి ఎక్కించేశాను. తడి ఎక్కువైతే లోపల గాలి ఆడదు. స్పాన్ నుంచి తెల్లటి బూజు అల్లుకోవడం మందగిస్తుంది, ఈలోగా ట్రైకోడెర్మా అనే ఆకుపచ్చ బూజు గడ్డినంతా ఆక్రమిస్తుంది. ఇప్పుడు ఉడికిన గడ్డిని శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబోస్తాను. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే చేతికి చెమ్మ తగలాలి, చుక్క మాత్రం కారకూడదు. విజయవాడలో వానాకాలం ఒక్కోసారి సాయంత్రం దాకా ఆగాల్సి వస్తుంది. ఆగండి, తొందరేం లేదు.

కిలో ఎండుగడ్డికి 100 గ్రాముల స్పాన్ వేస్తాను. కవరుకు చిన్న రంధ్రాలు పెట్టి చీకటి గదిలో ఉంచితే 15 నుంచి 20 రోజుల్లో బెడ్ అంతా తెల్లబడుతుంది. అప్పుడు కవరు కోసి, గాలీ కాస్త వెలుతురూ తగిలేచోట వేలాడదీసి, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు స్ప్రే చేయాలి. పుట్టగొడుగులు వచ్చాక వాటి అంచులు ముడుచుకోకముందే కోసేయండి. ఆలస్యమైతే సన్నటి పొడి రాలుతుంది, మా అమ్మకు దానివల్ల దగ్గు వచ్చింది.

ఎండాకాలం మాత్రం ఈ రకం జోలికి పోకండి, దీనికి 20 నుంచి 28 డిగ్రీలుంటే హాయి. ఎండలకు తట్టుకునేవి పాల పుట్టగొడుగులు, కానీ వాటికి బెడ్ పైన మట్టి పొర వేయాలి. ఆ పని రెండో ఏడాదికి ఉంచుకోండి.

పాడైన బెడ్లను ఇంట్లో విప్పకుండా అలాగే దూరంగా పారేయండి. మీ గడ్డి వానకు తడిసిన వాములోది అయితే అదీ మార్చండి. నల్లమచ్చలు లేకుండా, బంగారు రంగులో ఉన్న ఈ ఏటి గడ్డే తీసుకోండి.